అత్తయ్యగారు దారం కట్టనన్న రోజు

పోయిన నెల ఏలూరులో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మెడ చుట్టూ, గొలుసు ఒరుసుకునే చోట, కొన్నాళ్ళుగా ఆరేడు పులిపిర్లు లేచాయి. నొప్పీ లేదు, దురదా లేదు, కానీ గొలుసు కొక్కెంలో చిక్కుకుంటూ విసిగిస్తున్నాయి. డాక్టరు చిన్నపిల్ల, ముప్పై ఏళ్ళుంటాయేమో. దీపం దగ్గరికి లాక్కుని ఒక్కొక్కదాన్నీ వేలితో తిప్పి చూసి, "దారం గానీ సున్నం గానీ ఏమైనా పెట్టారా అండి?" అని అడిగింది. లేదన్నాను. "మంచి పని చేశారు. చాలామంది అవన్నీ అయ్యాకే మా దగ్గరికి వస్తారు" అంది. పైన మత్తు మందు రాసి, కాసేపు కూర్చోబెట్టి, పావుగంటలో పని ముగించి పంపించింది. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాక నాకు నవ్వొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో దారం కట్టడానికి పేరుపడ్డ మనిషి మా ఇంట్లోనే ఉండేవారనీ, ఆవిడ దగ్గరే నేను కాపురం నేర్చుకున్నాననీ ఆ పిల్లకి చెప్పాల్సింది. అప్పటికి నోరు రాలేదు. ఆవిడ గురించి రెండు ముక్కల్లో చెప్పడం నాకెప్పుడూ చేతకాదు.

పెళ్ళయి గుండుగొలను వచ్చేటప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. బీయెస్సీ పాసై, ఊళ్ళోనే ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. మా ఆయన ప్రకాష్ కైకలూరులో చేపల మేత అమ్మే షాపులో పని చేసేవారు. సాయంత్రం ఆయన ఇంటికొస్తే చొక్కా నిండా తవుడు వాసన. ఆ చొక్కా బకెట్లో నానబెట్టిన నీళ్ళు కూడా తవుడు కడుగులాగే ఉండేవి. మామయ్యగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో మిగిలింది అత్తయ్యగారు, దీనమ్మగారు. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచే మనిషి. తెల్లవారకముందే లేచి, మంచం మీదే కూర్చుని ప్రార్థన చేసుకుని, పొయ్యి మీద టీ పెట్టి, అది మరిగేలోపు వాకిలి చిమ్మేసేవారు. నేను లేచేసరికి నా గ్లాసు మీద మూత పెట్టి ఉండేది. కొత్తలో నాకది సిగ్గుగా ఉండేది. అత్తగారు టీ పెట్టడం, కోడలు లేచి తాగడం ఎక్కడా చూడలేదు. ఓ రోజు అదే అంటే, "నువ్వు పొద్దున్నుంచీ పిల్లలతో నోరు నొప్పెట్టేలా అరవాలి కదమ్మాయ్. నాకేం పని" అన్నారు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తనివ్వలేదు.

ఆవిడకి పని లేకపోవడమేం. ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక మా వరండా నిండా ఆడవాళ్ళే. భీమడోలు నుంచి, గణపవరం నుంచి కూడా వచ్చేవారు. పైట కొంచెం జార్చి మెడ చూపించేవాళ్ళు, చెయ్యెత్తి చంక చూపించేవాళ్ళు, ఎవరూ చూడకుండా లోపలి గదిలోకి వస్తామని సైగ చేసేవాళ్ళు. అత్తయ్యగారి పుట్టిల్లు తాడేపల్లిగూడెం. వాళ్ళ నాన్నగారు అక్కడ స్టేషను దగ్గర జట్కా తోలేవారట. గుర్రం తోక వెంట్రుకతో పులిపిరి మొదట్లో ముడి వేయడం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నానని చెప్పేవారు. జట్కాలు పోయాయి, గుర్రాలు పోయాయి, నేను కాపురానికొచ్చే నాటికి ఆవిడ పట్టుదారం వాడుతున్నారు. ముందు చేతులు ఉప్పునీళ్ళతో కడుక్కునేవారు. కళ్ళు మూసుకుని పెదాలతో ఏదో అనుకుని, తొడిమ దగ్గర దారం తిప్పి బిగించేవారు. రోజు మార్చి రోజు వచ్చి ముడి బిగించుకుపోతే, నాలుగైదు రోజులకి అది నల్లబడి రాలిపోయేది. ఆ చోట పసుపు, కొబ్బరినూనె కలిపి పెట్టి పంపేవారు. చేతిలో ఎవరైనా ఏదైనా పెట్టబోతే పుచ్చుకునేవారు కాదు. కొల్లేటి వైపు నుంచి వచ్చినవాళ్ళు కొరమీను తెస్తే మాత్రం కాదనేవారు కాదు.

సైన్సు చదువుకున్నదాన్ని కదా, మొదట్లో నాకిదంతా కొంచెం చిన్నచూపుగానే ఉండేది. పైకి అనలేదు గానీ ఆదివారాలు పుస్తకం పట్టుకుని లోపల కూర్చునేదాన్ని. ఓసారి పరీక్ష పెట్టినట్టు, "అవి ఎందుకొస్తాయండి అత్తయ్యగారూ?" అని అడిగాను. ఆవిడ తడుముకోలేదు. "చర్మం చర్మానికి రాసుకునే చోటే వస్తాయమ్మాయ్. మెడ, చంకలు, రొమ్ముల కింద, తొడల దగ్గర. ఒళ్ళున్నవాళ్ళకి ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి లేస్తాయి. తల్లికుంటే కూతురికి వస్తాయి. వేళ్ళ మీద గరుగ్గా వస్తాయి చూడు, అవి వేరు. అవి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. వాటిని నేను ముట్టను" అన్నారు. అవి వేరని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఊరంతా రెండింటినీ పులిపిర్లనే అంటుంది. వందలమంది మెడలు చూసి, చూసినదాన్ని మర్చిపోకుండా దాచుకున్న మనిషి ఆవిడ. ఆ రోజు నుంచి నేను ఆదివారం పుస్తకం పక్కన పెట్టి వరండాలోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాను.

రెండో ఏడు వానాకాలంలో అనుకుంటాను, అత్తయ్యగారు బట్టలు తీగ మీద ఆరెయ్యడం మానేశారు. "నువ్వు ఆరెయ్యమ్మాయ్, నాకు నడుం పట్టింది" అన్నారు. నడుం పట్టిన మనిషి వంగి వాకిలి మాత్రం చిమ్ముతున్నారు. ఎడమ చెయ్యి పైకెత్తడం లేదని రెండు రోజులకి గమనించాను. దగ్గరికొస్తే పసుపు వాసన మామూలుకన్నా ఎక్కువగా, దాని అడుగున ఇంకేదో వాసన. తర్వాత రోజు స్కూలు నుంచి వచ్చేసరికి ఆవిడ ఆ పగటివేళ మంచం మీద పడుకుని ఉన్నారు. ఒళ్ళు కాలిపోతోంది. జాకెట్టు చంక కింద తడిసి అట్టకట్టింది.

"ఏం జరిగిందో చెప్పండి అత్తయ్యగారూ."

"ఏం లేదు. నాకూ నాలుగైదు లేచాయి. చంకలోదాన్ని జాకెట్టు చెయ్యి రాసుకుంటోందని నేనే కట్టుకున్నాను. రాలిపోయింది కూడా."

"ఎన్నాళ్ళయింది?"

నేను జాకెట్టు విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. చివరికి గోడ వైపు తిరిగి, "నెల దాటింది" అన్నారు. "పుండు మానడం లేదు. ఊరందరికీ మాన్పినదాన్ని. నాకే మానలేదని తెలిస్తే ఏం బావుంటుంది చెప్పు. ప్రకాష్‌కి కూడా చెప్పకు."

చెప్పకుండా ఎలా ఉంటానండి. ఆయన వచ్చాక చెప్పాను, పొద్దున్నే ముగ్గురం బస్సెక్కి ఏలూరు వెళ్ళాం. బస్సులో ఆవిడ తెల్ల శాలువా భుజం మీదుగా కప్పుకుని, ఎవరైనా తెలిసినవాళ్ళు ఎక్కుతారేమోనని ప్రతి స్టాపులోనూ తల వంచుకుని కూర్చున్నారు. నిటారుగా చూసి మాట్లాడే మనిషి అలా ఒదిగి కూర్చోవడం చూస్తే నాకు జ్వరంకన్నా అదే ఎక్కువ బాధనిపించింది.

అక్కడి డాక్టరమ్మ యాభై ఏళ్ళ మనిషి. కళ్ళజోడు ముక్కు మీదకి దించి పుండు చూశారు. చూసి, "ఎవరు కట్టారండి దారం?" అన్నారు. అత్తయ్యగారే చెప్పారు.

"నేనేనండి. నలభై ఏళ్ళుగా కడుతున్నాను. ఎవరికీ ఇలా అవలేదు."

డాక్టరమ్మ కసురుతారనుకున్నాను. ఆవిడ కసరలేదు. చీము తీసి, శుభ్రం చేసి, కట్టు కట్టి, చేతులు కడుక్కుంటూ అడిగారు. "అవలేదని మీకెలా తెలుసమ్మా? మానినవాళ్ళు కొరమీను పట్టుకుని వస్తారు. మాననివాళ్ళు మా దగ్గరికి వస్తారు." కొరమీను సంగతి కట్టు కడుతుండగా నేనే చెప్పాను. అత్తయ్యగారు తల దించుకుని ఆ మాట విన్నారు. తర్వాత రక్తం తీసుకెళ్ళారు. గంట తర్వాత కాగితం వచ్చింది. షుగరు బాగా ఎక్కువగా ఉంది.

"నాకు షుగరేంటండి. టీలో పంచదార కూడా వేసుకోను" అన్నారు అత్తయ్యగారు.

"పంచదారతో పని లేదమ్మా. అందుకే పుండు మానలేదు. ఈ పులిపిర్లు ఉన్నంతమాత్రాన షుగరు ఉన్నట్టు కాదు. కానీ హఠాత్తుగా చాలా లేస్తుంటే, మెడ వెనక నల్లగా మందంగా అవుతుంటే, ఓసారి రక్తం చూపించుకోవాలి. మెడ మీద ఆ నలుపు మురికనుకుని పీచుతో తోముకుంటారు మనవాళ్ళు."

అత్తయ్యగారి చెయ్యి మెల్లగా తన మెడ వెనక్కి వెళ్ళింది. ఆవిడకి అక్కడ నల్లగా ఉంటుంది. రోజూ పీచుతో తోముకోవడం నేను చూస్తూనే ఉన్నాను. సైన్సు టీచర్ని, నాకూ తెలియలేదు.

ఆ నెల మా ఇంట్లో అన్నీ తారుమారయ్యాయి. పొద్దున టీ నేను పెట్టడం, కట్టు మార్చడం, మాత్రలు లెక్కగా ఇవ్వడం. అన్నం సగానికి తగ్గించమంటే ఆవిడ కంచంలోకి చూసి, "ఇది పిట్టకి పెట్టినట్టుంది" అనేవారు గానీ మళ్ళీ అడిగేవారు కాదు. సాయంత్రం చెరువుగట్టు మీద ఇద్దరం నడిచేవాళ్ళం. అవతల నీళ్ళలో చేపలకి మేత సంచులు కర్రలకి వేలాడుతూ ఉండేవి, గాలి అటు తిరిగితే తవుడు, బురద కలిసిన వాసన. ఆ నడకల్లో ఆవిడ ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఒకరోజు మాత్రం ఆగి, "గణపవరం నుంచి ఓ ఆవిడ వచ్చేది, లావుగా, పచ్చగా ఉండేది. చంకలో కట్టాను. రెండోసారి ముడికి రాలేదు. రాలిపోయిందేమో అనుకున్నాను" అన్నారు. మళ్ళీ నడిచారు.

పుండు మానాక, షుగరు అదుపులోకి వచ్చాక, మిగిలిన పులిపిర్లు తీయించడానికి మళ్ళీ వెళ్ళాం. నిజానికి తీయించుకోవాల్సిన అవసరం లేదనే చెప్పారు డాక్టరమ్మ. "ఇవి ఏమీ చెయ్యవు. ఒరుసుకుని ఇబ్బంది పెడితేనో, చూడ్డానికి బాగోలేదనిపిస్తేనో తీయించుకోవచ్చు. లేదంటే అలాగే వదిలెయ్యొచ్చు" అన్నారు. అత్తయ్యగారు తీయమన్నారు. ఎలా తీస్తారో చూడాలని ఆవిడ కోరిక. అది నాకు ముందే తెలుసు.

బల్ల మీద పడుకుని కూడా ఆవిడ ప్రశ్నలు ఆపలేదు. ఆ సన్నటి సూది లాంటిది ఏంటండి, దానికి కరెంటు ఎటునుంచి వస్తుంది, రక్తం ఎందుకు కారడం లేదు. డాక్టరమ్మ కూడా ఓపిగ్గా చెప్పారు. చిన్నవాటిని కరెంటు వేడితో కాలుస్తారు, కాలినచోటే రక్తం ఆగిపోతుంది. తొడిమ ఉన్నవాటిని మత్తిచ్చి కత్తెరతో తీసేస్తారు. కొన్నిచోట్ల చల్లటి గ్యాసు పెట్టి గడ్డకట్టించి రాల్చేస్తారు. కంటి రెప్ప మీద ఉంటే కళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. తీసిన చోట చెక్కు కట్టి వారం పదిరోజుల్లో ఊడిపోతుంది, గిల్లకూడదు. ఒకసారి తీసింది మామూలుగా మళ్ళీ రాదు, పక్కన కొత్తవి మాత్రం లేవొచ్చు.

"దారం కడితే రాలిపోవడం నిజమేనా కాదా చెప్పండి" అన్నారు అత్తయ్యగారు.

"నిజమేనమ్మా. రక్తం అందక రాలిపోతుంది. మేమూ ఒక్కోసారి కడతాం. కానీ కట్టేముందు అది పులిపిరో కాదో చూస్తాం. మీ దగ్గరికి వచ్చిన ప్రతీదీ పులిపిరే అయ్యుంటుందా?"

అత్తయ్యగారు లేచి కూర్చున్నారు. ఏది ముట్టకూడదో చెప్పమని అడిగారు. డాక్టరమ్మ చెప్పారు. ఒంటి రంగులో మెత్తగా వేలాడేవాటితో భయం లేదు. తొడిమ లేకుండా వెడల్పుగా అతుక్కుని ఉన్నవి, నల్లగా, రెండు మూడు రంగుల్లో ఉన్నవి, అంచు వంకరగా ఉన్నవి, తొందరగా పెరిగేవి, తగలకుండానే రక్తం కారేవి, ఇవి ముందు డాక్టరు చూడాలి. కొన్నిటిని కోసి ముక్క పరీక్షకి పంపాలి. ఇంట్లో దారం కట్టినా, సున్నం సోడా పెట్టినా, బ్లేడుతో కోసినా, ఆ పరీక్షకి దారి లేకుండా పోతుంది. తిరుగు బస్సులో ఆవిడ అవన్నీ వేళ్ళు మడుస్తూ నాకు అప్పజెప్పారు. ఒక్కటి తప్పలేదు. మా క్లాసులో పిల్లలకి అంత శ్రద్ధ ఉంటే ఎంత బావుండునని అనుకున్నాను. ఆ రోజు ఎవరు బస్సెక్కుతున్నారో ఆవిడ చూసుకోలేదు.

ఒంట్లో బాగోలేదని అన్నాళ్ళూ తిప్పి పంపినవాళ్ళతో ఆ ఆదివారం వరండా నిండింది. అత్తయ్యగారు కుర్చీ తెచ్చుకుని అందరి ముందూ కూర్చున్నారు. చేతులు కడుక్కోలేదు. "ఇంక నేను దారం కట్టనండి" అన్నారు. తనకి పుండు పడ్డ సంగతి, షుగరు సంగతి, దాచుకున్న సంగతి, అన్నీ చెప్పారు. చంక కింద మచ్చ కూడా చూపించారు. "తెలిసినంతవరకు చేశాను. ఇప్పుడు ఇంకొంచెం తెలిసింది. మీరందరూ ముందు రక్తం చూపించుకోండి" అన్నారు. ఒకావిడ, "వయసైపోయి చూపు ఆనడం లేదు కాబోలు, ఆ మాట చెప్పొచ్చు కదా" అని పక్కావిడతో అనడం నాకు వినపడింది. అత్తయ్యగారికీ వినపడింది. నేను కొట్టిపారేయబోతే మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు. ఆ తర్వాత సోమవారం నుంచి, తనకి గుర్తున్నంతవరకు, తన చేత దారం కట్టించుకున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ఇదే చెప్పొచ్చారు. భీమడోలు వెళ్ళారు. గణపవరం వెళ్ళి, ఆ రెండోసారి రాని ఆవిడ ఇల్లు కనుక్కున్నారు. ఆవిడ బాగానే ఉంది. పని ఒత్తిడిలో రాలేకపోయిందట, అదే రాలిపోయిందట. ఆ సాయంత్రం అత్తయ్యగారు ఇంటికొచ్చి చాలాసేపు ప్రార్థన చేసుకున్నారు.

ఇప్పుడు మా వీధిలోనే రక్తపరీక్షల సెంటరుంది. పిల్లలు ఫోన్లో చూసి ఏ జబ్బుకి ఏ డాక్టరో చెప్పేస్తారు. అదే ఫోన్లో చూసి పులిపిర్లకి వెల్లుల్లి, వెనిగరు పెట్టుకుని చర్మం కాల్చుకున్నవాళ్ళని కూడా చూశాను. తెలుసుకోవడం ఇప్పుడు తేలిక. తెలుసుకున్నాక, నిన్నటిదాకా నన్ను మెచ్చుకున్నవాళ్ళ ముందు కూర్చుని, నాకు తెలియదు అని చెప్పడం అప్పుడూ కష్టమే, ఇప్పుడూ కష్టమే. నేను పాతికేళ్ళు పాఠాలు చెప్పాను. తప్పు చెప్పానని తెలిసిన రోజున మర్నాడు క్లాసులో ఒప్పుకోవడానికి ఎన్నిసార్లు తడబడ్డానో నాకే తెలుసు. అత్తయ్యగారు ఐదో తరగతి చదువుకున్నారు. ఆవిడ పోయాక కూడా ఊళ్ళో నన్ను టీచరుగారనరు, దీనమ్మగారి కోడలనే అంటారు. అలా అనిపించుకోవడం నాకు ఇష్టం.

వరండాలో అలా చెప్పిన రెండు మూడు నెలలకి, కైకలూరు నుంచి చేపల చెరువులున్న ఒకాయన తన భార్యని కారులో తీసుకొచ్చారు. ఆవిడ పేరు పద్మావతి. మెడ వెనక, జుట్టు మొదట్లో ఒకటి ఉంది, తనకి కనపడదు, దువ్వెన తగిలితే రక్తం వస్తోందంది. అత్తయ్యగారు ఆవిణ్ణి వెలుతురు వైపు తిప్పి, జుట్టు పక్కకి తీసి చూశారు. నన్ను పిలిచి చూడమన్నారు. నల్లగా, వెడల్పుగా ఉంది. తొడిమ లేదు.

"ఇది నా చేతి పని కాదండి. ఏలూరులో చూపించండి" అన్నారు.

ఆయనకి కోపం వచ్చింది. "ఇంత దూరం పనులు మానుకుని వచ్చామండి. ఒక్క ముడి వేస్తే పోయేదానికి ఏలూరు ఎందుకండి?"

"పోతుందో లేదో తెలీదు కాబట్టే. పదండి, నేనూ వస్తాను."

ఆవిడ లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చి, వాళ్ళ కారులో ముందే ఎక్కి కూర్చున్నారు. మనిషి ఎక్కి కూర్చున్నాక ఆయన ఏం చేస్తారు. డాక్టరమ్మ చూసి, దారం కట్టకపోవడం మంచిదైందని చెప్పి, మత్తిచ్చి కోసి ముక్కని పరీక్షకి పంపించారు. పద్మావతిగారు ఆ వారం అన్నం సరిగ్గా తినలేదట. మా అత్తయ్యగారూ తినలేదు. వారానికి కాగితం వచ్చింది. భయపడాల్సిందేమీ లేదు, మామూలు పుట్టుమచ్చే.

ఆ సంగతి చెప్పడానికి ఆయన ఒక్కరే వచ్చారు. నేను వరండాలో పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. ఆయన కూర్చోకుండానే, "చూశారా అమ్మగారూ, ఏమీ లేదన్నారు. ఏమీ లేనిదానికి మమ్మల్ని వారం రోజులు ఏడిపించారు" అన్నారు.

అత్తయ్యగారు కళ్ళు మూసుకుని, తెరిచి, ఆయనకి కుర్చీ చూపించారు. "ఏమీ లేదని ఇప్పుడు తెలిసిందండి. ఆ రోజు నాకూ తెలీదు, మీకూ తెలీదు."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. నేను మంచినీళ్ళిస్తే తాగారు. గ్లాసు కింద పెట్టారు. తర్వాత గొంతు తగ్గించి, "మా వదినకి కూడా మెడ నిండా ఉన్నాయండి. మెడ వెనక నల్లగా కూడా అయింది. ఎప్పుడు తీసుకురమ్మంటారు?" అని అడిగారు.

"ఇక్కడికి కాదండి, ఏలూరు. ముందు రోజు కబురు చెయ్యండి. నేను బస్టాండు దగ్గర ఉంటాను" అన్నారు మా అత్తయ్యగారు.